ఆంగ్ల రచనలో ‘ఫర్ ఎగ్జాంపుల్’ వాడుక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంగ్లంలో వ్యాసాలు, దరఖాస్తులు, నివేదికలు రాసే తెలుగువారి ప్రతులు దిద్దుతున్నప్పుడు నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే మాట ‘ఫర్ ఎగ్జాంపుల్’. అర్థం తెలియనివారు ఎవరూ ఉండరు. అయినా దాన్ని ఎక్కడ పెట్టాలి, ముందు ఏ గుర్తు రాయాలి, దాని బదులు మరొక మాట ఎప్పుడు వాడాలి అన్న సందేహాలు మాత్రం చదువుకున్నవారిని కూడా వదలవు. వాటిలో తరచుగా వినిపించేవాటికి ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. ఆంగ్ల వాక్యాలను తెలుగు లిపిలోనే ఇచ్చాను. వాటిలోని కామాలను, చుక్కలను జాగ్రత్తగా గమనించగలరు.

ఈ మాట వాక్యంలో అసలు ఏ పని చేస్తుంది?

ముందుగా ఒక సాధారణ విషయం చెబుతాము. ఆ విషయం పరిధిలోకి వచ్చే ఒకటి రెండు ప్రత్యేకమైన సంగతులను ఆ తరువాత చూపిస్తాము. ఆ రెండింటినీ కలిపే కొక్కెం ‘ఫర్ ఎగ్జాంపుల్’. మన పెద్దలు దీనినే స్థాలీపులాక న్యాయం అన్నారు: అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండంతా వెదకనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఆంగ్లపు ‘ఎగ్జాంపుల్’ కూడా ‘బయటికి తీసినది’ అనే మూలార్థం గల ‘ఎగ్జెంప్లుమ్’ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. మనం రోజూ వాడే ‘శాంపుల్’ కూడా ఆ వంశానిదే. కుండ ఒకటి ఉండాలి, మెతుకు ఆ కుండలోదే కావాలి. ఈ మాటకు సంబంధించిన తప్పుల్లో చాలా భాగం ఈ రెండు షరతుల్లో ఏదో ఒకటి తప్పినందువల్ల వచ్చేవే.

‘హైదరాబాద్ ఈజ్ ఎ గుడ్ సిటీ ఫర్ స్టూడెంట్స్. ఫర్ ఎగ్జాంపుల్, ఇట్ ఈజ్ వెరీ బిగ్.’ ఇటువంటి వాక్యాలు నాకు తరచుగా కనిపిస్తాయి. నగరం పెద్దది కావడం, విద్యార్థులకు అది అనువైనది అనడానికి ఉదాహరణ కాదు. మహా అయితే ఒక కారణం అవుతుంది. కారణం చెప్పదలచినప్పుడు ‘బికాజ్’ రాయాలి. ఉదాహరణే ఇవ్వదలిస్తే, విద్యార్థులకు నిజంగా ఉపయోగపడే ఒక గ్రంథాలయాన్నో, తక్కువ ఖర్చుతో తిరగడానికి దొరికే బస్సు పాసునో చూపించాలి. నేను విద్యార్థులకు చెప్పే పరీక్ష ఒకటే: ‘ఫర్ ఎగ్జాంపుల్’ తరువాత రాసినదాన్ని చూపుతూ ‘ముందు వాక్యంలోని ఏ మాటకు ఇది మెతుకు?’ అని అడుగుకోవాలి. జవాబు రాకపోతే ఆ రెండు వాక్యాల మధ్య కావలసినది మరేదో సంబంధం.

కామా ఎక్కడ పెట్టాలి?

ఈ మాట వాక్యంలో మూడు చోట్ల నిలుస్తుంది, మూడు చోట్లా దానికి కామా తోడు కావాలి. మొదట వస్తే దాని వెనుక ఒక కామా: ‘సెవరల్ రివర్స్ ఆఫ్ ది డెక్కన్ రైజ్ ఇన్ ది వెస్టర్న్ ఘాట్స్. ఫర్ ఎగ్జాంపుల్, ది కృష్ణా రైజెస్ నియర్ మహాబలేశ్వర్.’ నడుమ వస్తే రెండు వైపులా కామాలు: ‘ది కృష్ణా, ఫర్ ఎగ్జాంపుల్, రైజెస్ నియర్ మహాబలేశ్వర్.’ చివర వస్తే దాని ముందు ఒకటి: ‘ది కృష్ణా రైజెస్ నియర్ మహాబలేశ్వర్, ఫర్ ఎగ్జాంపుల్.’

ఈ మూడింటిలోనూ వ్యాకరణం ఒకటే అయినా ఊనిక మారుతుంది. నడుమ పెట్టినప్పుడు దానికి సరిగ్గా ముందున్న మాట మీద వెలుగు పడుతుంది. ఆ నదులన్నిటిలో కృష్ణను ఎంచి చూపుతున్నాము అన్న భావం కలుగుతుంది. తెలుగులో మనం ‘కృష్ణనే తీసుకోండి’ అన్నప్పుడు ఆ ‘నే’ చేసే పనికి ఇది దగ్గరగా ఉంటుంది. చివర పెట్టడం సంభాషణలో బాగానే ఉంటుంది కాని, రాతలో ఉదాహరణ అంతా చదివేశాక అది ఉదాహరణ అని తెలియడం వల్ల పాఠకుడు ఒక్క క్షణం వెనక్కి వెళ్లవలసి వస్తుంది. పొడవైన వాక్యాల్లో ఆ స్థానాన్ని నేను వద్దంటాను.

నడుమ వచ్చినప్పుడు రెండు కామాల్లో ఒకటి మరచిపోవడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. అవి తలుపు రెక్కల వంటివి; ఒక రెక్క మాత్రమే వేసి వదిలేయకూడదు.

రెండు పూర్తి వాక్యాలను ‘ఫర్ ఎగ్జాంపుల్’ తో కలిపేటప్పుడు కామా సరిపోతుందా?

సరిపోదు. ఇది తెలుగువారికి కష్టంగా ఉండటానికి మన భాష స్వభావమే కారణం. ‘వాన కురిసింది, చెరువు నిండింది’ అని మనం రాస్తే ఎవరూ తప్పు పట్టరు. రెండు సమాపక క్రియలున్నా నడుమ కామా మనకు చెల్లుతుంది. ఆంగ్ల వ్యాకరణం దాన్ని ఒప్పుకోదు, అక్కడ చుక్క గాని సెమీకోలన్ గాని ఉండవలసిందే. ‘ఫర్ ఎగ్జాంపుల్’ రెండు వాక్యాలను కుట్టే సూది కాదు. ‘అండ్’, ‘బట్’ వంటి మాటలకు ఉన్న శక్తి దానికి లేదు.

కాబట్టి ‘సెవరల్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ హ్యావ్ ఎ జిఐ ట్యాగ్, ఫర్ ఎగ్జాంపుల్, ది బంగనపల్లె మ్యాంగో గాట్ ఇట్ ఇన్ 2017’ అన్నది తప్పు (జిఐ ట్యాగ్ అంటే ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తికి ఇచ్చే భౌగోళిక గుర్తింపు). ‘ట్యాగ్’ తరువాత కామా తీసివేసి సెమీకోలన్ పెడితే సరిపోతుంది. సెమీకోలన్ అంటే భయం ఉన్నవారు చుక్క పెట్టి, ‘ఫర్’ ను పెద్ద అక్షరంతో మొదలుపెట్టవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

వెనుక పూర్తి వాక్యం లేకుండా కేవలం ఒకటి రెండు పేర్లే ఉన్నప్పుడు మాత్రం ముందు కామా చాలు: ‘సెవరల్ ప్రాడక్ట్స్ హ్యావ్ ఎ జిఐ ట్యాగ్, ఫర్ ఎగ్జాంపుల్, తిరుపతి లడ్డు అండ్ బంగనపల్లె మ్యాంగోస్.’ ఇక్కడ కామా స్థానంలో డ్యాష్ పెట్టినా, ఆ పేర్లను బ్రాకెట్లలో ఉంచినా తప్పు లేదు.

చుక్క పెట్టి, ‘ఫర్ ఎగ్జాంపుల్’ అని ఒక పేరు రాసి ఆపేయవచ్చునా?

‘మెనీ ట్రెయిన్స్ స్టాప్ ఎట్ విజయవాడ. ఫర్ ఎగ్జాంపుల్, ది గోదావరి ఎక్స్‌ప్రెస్.’ తెలుగులో క్రియ లేని వాక్యం సహజం, అందుకే ‘ఉదాహరణకు గోదావరి ఎక్స్‌ప్రెస్’ అని ఆపితే మనకు లోటు తోచదు. ఆంగ్లంలో అది అసంపూర్ణ వాక్యం. కథల్లో, ప్రకటనల్లో ఇలా రాస్తారు కాని, పరీక్షలోనూ కార్యాలయంలోనూ రాయకూడదు. ‘ది గోదావరి ఎక్స్‌ప్రెస్, ఫర్ ఎగ్జాంపుల్, స్టాప్స్ దేర్’ అని క్రియ చేరిస్తే వాక్యం నిండుతుంది.

‘సచ్ యాజ్’ కు దీనికి తేడా ఏమిటి?

ఈ ప్రశ్నలో మన భాషకూ ఆంగ్లానికీ మధ్యనున్న అసలు ఎడం కనిపిస్తుంది కనుక కొంత వివరంగా చెబుతాను.

‘మామిడి, జామ, సపోటా వంటి పండ్లు’ అని మనం అంటాము. మెతుకులు ముందు, కుండ తరువాత. ఆంగ్లంలో వరుస పూర్తిగా తిరగబడుతుంది: ‘ఫ్రూట్స్ సచ్ యాజ్ మ్యాంగో, గ్వావా అండ్ సపోటా.’ తెలుగులో ఆలోచించి ఆంగ్లంలో రాసేవారు ‘మ్యాంగో, గ్వావా, సపోటా లైక్ ఫ్రూట్స్’ అని రాయడానికి కారణం ఇదే. ‘వంటి’ స్థానంలో ‘లైక్’ పెట్టారు, వరుస మాత్రం తెలుగుదే ఉంచారు. ఈ తప్పును దిద్దేటప్పుడు మాటను మార్చమని చెబితే లాభం లేదు. ‘వర్గం పేరు ముందు, అందులోని వాటి పేర్లు తరువాత’ అని వరుసను చెబితేనే మనసుకు ఎక్కుతుంది.

ఇక తేడా విషయానికి వస్తే, ‘సచ్ యాజ్’ తరువాత నామవాచకాలు మాత్రమే వస్తాయి. పూర్తి వాక్యం రాదు. ‘ఫర్ ఎగ్జాంపుల్’ తరువాత రెండూ రావచ్చు. ఒక సంఘటనను గాని, ఒక వాదాన్ని గాని ఉదాహరణగా చూపాలంటే ‘ఫర్ ఎగ్జాంపుల్’ కావాలి. కొన్ని పేర్లు ఊరికే గుర్తు చేయడానికి ‘సచ్ యాజ్’ తేలికగా, పొట్టిగా ఉంటుంది.

‘సచ్ యాజ్’ తరువాత కామా గాని కోలన్ గాని పెట్టరు. దాని ముందు కామా విషయం అర్థాన్ని బట్టి ఉంటుంది. ‘రివర్స్ సచ్ యాజ్ ది గోదావరి నీడ్ లాంగ్ బ్రిడ్జెస్’ అంటే గోదావరి వంటి పెద్ద నదుల సంగతే చెబుతున్నాము, అన్ని నదుల సంగతి కాదు. కనుక కామా వద్దు. ‘ది రివర్స్ దట్ రైజ్ ఇన్ మహారాష్ట్ర, సచ్ యాజ్ ది గోదావరి అండ్ ది కృష్ణా, ఫ్లో ఈస్ట్’ అని రాస్తే, ఆ పేర్లు తీసివేసినా ఏ నదులో చెప్పే పని ముందు మాటలే చేస్తున్నాయి. కనుక రెండు వైపులా కామాలు ఉండాలి. కాకపోతే ఈ రెండో వాక్యంలో మరొక లోపం ఉంది. తపతి వంటి నదులు మహారాష్ట్ర గుండా పడమరకే పోతాయి, మహారాష్ట్రలోనే పుట్టి పడమరకు దిగే చిన్న నదులు కొంకణంలో ఎన్నో ఉన్నాయి. రెండు మెతుకులు ఉడికాయి కదా అని కుండంతా ఉడికిందని రాశాము. కామా సరిగా ఉన్నంత మాత్రాన ఉదాహరణ సరైనది కాదని తెలియడానికే దాన్ని అలా ఉంచాను. ‘సమ్ ఆఫ్ ది రివర్స్’ అని మొదలుపెడితే అర్థం నిలబడుతుంది, అప్పుడు నదుల పేర్లు చెప్పడానికి ‘ఫర్ ఎగ్జాంపుల్’ మరింత బాగా కుదురుతుంది.

పేర్ల జాబితా చివర ‘ఎట్‌సెట్రా’ రాయాలా?

అక్కరలేదు. ‘ఫర్ ఎగ్జాంపుల్’, ‘సచ్ యాజ్’ అన్నప్పుడే జాబితా పూర్తి కాదని చెప్పినట్లు. మళ్లీ చివర ‘మిగిలినవి’ అనే అర్థం గల ‘ఎట్‌సెట్రా’ చేరిస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్లవుతుంది. ‘అండ్ ఎట్‌సెట్రా’ అయితే మూడోసారి కూడా. ఎందుకంటే ఆ లాటిన్ మాటలోని ‘ఎట్’ కే ‘మరియు’ అని అర్థం. తెలుగులో ‘మొదలైన’, ‘వగైరా’ అనే మాటలకు మనం అలవాటు పడి ఉండటం వల్ల జాబితా చివర ఏదో ఒకటి లేకపోతే వెలితిగా తోస్తుంది. ఆ వెలితిని ఓర్చుకోవాలి.

‘ఇ.జి.’, ‘ఐ.ఇ.’ రెండూ ఒకటేనా?

కావు. వీటిని తారుమారు చేయడం వల్ల నిజంగా నష్టం జరగవచ్చు. ‘ఇ.జి.’ అనేది ‘ఎగ్జెంప్లీ గ్రాషియా’ అనే లాటిన్ పదబంధానికి పొట్టి రూపం, ‘ఉదాహరణ కోసం’ అని అర్థం. ‘ఐ.ఇ.’ అనేది ‘ఇద్ ఎస్ట్’, ‘అంటే’ అని అర్థం. మొదటిది తలుపు తెరిచి ఉంచుతుంది, రెండోది మూసివేస్తుంది.

ఒక కార్యాలయం పంపే ఉత్తరంలో ‘సబ్మిట్ ఎ ప్రూఫ్ ఆఫ్ అడ్రస్, ఇ.జి., ఆధార్’ అని ఉంటే, ఆధార్ గాని, పాస్‌పోర్టు గాని, ఓటరు కార్డు గాని, చిరునామా రుజువు చేసే మరేదైనా గాని ఇవ్వవచ్చునని భావం. అదే వాక్యంలో ‘ఐ.ఇ., ఆధార్’ అని ఉంటే, చిరునామా రుజువు అంటే ఆధార్ మాత్రమే అని భావం. పాస్‌పోర్టు తీసుకువెళ్లిన వ్యక్తిని వెనక్కి పంపినా ఆ ఉత్తరం ప్రకారం తప్పు కాదు. రెండు అక్షరాల తేడా వల్ల ఒక మనిషి రోజు కూలి పోగొట్టుకుని రెండోసారి రావలసి వస్తుంది. నోటీసులు రాసే ప్రతి ఒక్కరూ ఈ తేడాను శ్రద్ధగా పట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

సందేహం వస్తే తెలుగులో చెప్పి చూసుకోండి. ఆ చోట ‘లాంటివి’ నప్పితే ‘ఇ.జి.’, ‘అంటే’ నప్పితే ‘ఐ.ఇ.’. మన ప్రభుత్వ ఉత్తరాల్లో ఇప్పటికీ కనిపించే ‘విజ్.’ మూడోది. అది ‘విదెలిచెత్’ అనే లాటిన్ మాటకు సంక్షేపం; ‘అవి ఏవనగా’ అని పూర్తి జాబితా ఇచ్చేటప్పుడు వాడతారు. దాని తరువాత వచ్చేవి ఉదాహరణలు కావు, ఉన్నవన్నీ అవే.

చుక్కలు, కామాల విషయంలో అమెరికన్ పద్ధతి ‘ఇ.జి.’ లో చుక్కలు పెట్టి వెనుక కామా కోరుతుంది. బ్రిటిష్ ప్రచురణల్లో చాలావరకు కామా పెట్టరు, కొందరు చుక్కలు కూడా పెట్టరు. ఏదైనా ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడితే చాలు.

వ్యాసంలో పొట్టి రూపం వాడవచ్చునా, పూర్తి మాటే రాయాలా?

పరిశోధన పత్రాలకు ఎక్కువగా అనుసరించే ఎపిఎ శైలి ప్రకారం ‘ఇ.జి.’ బ్రాకెట్లలోనే రావాలి, వాక్యపు ప్రవాహంలో ‘ఫర్ ఎగ్జాంపుల్’ అని పూర్తిగా రాయాలి. మామూలు వ్యాసానికి కూడా ఇది మంచి నియమం. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు 2016 లో ఈ లాటిన్ సంక్షేపాలను మానుకోవాలని నిర్ణయించింది. వాటిని ఆంగ్లం అంతగా రానివారు అపార్థం చేసుకుంటున్నారన్నది ఒక కారణం. చూపు లేనివారికి పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ చుక్కలు లేని ‘ఇజి’ ని ‘ఎగ్’ అని, అంటే గుడ్డు అని, పలుకుతోందన్నది మరొక కారణం. వెబ్‌సైట్లకు రాసే తెలుగువారు ఈ రెండో కారణాన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

‘ఎక్స్:’, ‘ఫర్ ఇ.జి.’, ‘ఫర్ ఎన్ ఎగ్జాంపుల్’ సరైనవేనా?

మన నోటు పుస్తకాల్లో ‘ఉదా:’ కు జతగా పుట్టిన ‘ఎక్స్:’ ఆంగ్ల రచనలో ప్రామాణికం కాదు. సొంత నోట్సులో ఉంచుకోండి, జవాబు పత్రంలో వద్దు. ‘ఫర్ ఇ.జి.’ అంటే ‘ఉదాహరణకు ఉదాహరణకు’ అన్నట్లు. ‘ఫర్ ఎన్ ఎగ్జాంపుల్’, ‘ఫర్ ఎగ్జాంపుల్స్’ రెండూ తప్పే. ఇచ్చేవి పది ఉదాహరణలైనా మాట ఏకవచనంలోనే, ‘ఎన్’ లేకుండానే ఉంటుంది.

‘ఫర్ ఇన్‌స్టన్స్’ వేరా?

అర్థంలోనూ కామాల్లోనూ ఈనాడు తేడా లేదు. ఒకే పేరాలో రెండుసార్లు అవసరమైతే ఒకచోట ఇది, ఒకచోట అది రాయవచ్చు. చరిత్రలో మాత్రం ఒక ఆసక్తికరమైన మలుపు ఉంది: మధ్యయుగపు తర్కశాస్త్రంలో ‘ఇన్‌స్టన్స్’ కు మూలమైన లాటిన్ మాట, ఒక సాధారణ సూత్రాన్ని ఖండించడానికి చూపే ప్రత్యుదాహరణకు పేరు. ఖండించే సాధనంగా పుట్టినది కాలక్రమంలో సమర్థించే సాధనమైంది.

ఐఇఎల్‌టిఎస్ వంటి పరీక్షల్లో ఈ మాటను ఎన్నిసార్లు వాడితే మంచిది?

విదేశాల్లో చదువుకోదలచిన మన పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. ఆ పరీక్షలోని రెండో వ్యాసం 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు ఉండాలి. సొంత జ్ఞానం నుంచో అనుభవం నుంచో తగిన ఉదాహరణలు ఇవ్వమని ప్రశ్నలోనే ఉంటుంది. ఉదాహరణ ఇవ్వమన్నారే గాని, ‘ఫర్ ఎగ్జాంపుల్’ అనే మాటను ఫలానా అన్నిసార్లు రాయమనలేదు. ప్రతి పేరాలోనూ మూడో వాక్యం దానితోనే మొదలయ్యేలా కంఠస్థం చేసిన మూసలో రాస్తే, వాక్యాల కూర్పు యాంత్రికంగా ఉందని మార్కులు తగ్గే అవకాశం ఉంది. అంత చిన్న వ్యాసంలో రెండు సార్లు చాలని నేను చెబుతాను.

అంతకంటే ముఖ్యమైనది ఉదాహరణ ఇచ్చిన తరువాత చేయవలసిన పని. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఒక అనుమానాన్ని, అంటే తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని తేల్చడాన్ని, ఐదు అవయవాలుగా చెప్పింది. కొండ మీద నిప్పు ఉంది అన్నది ప్రతిజ్ఞ. పొగ కనిపిస్తోంది కనుక అన్నది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటయింట్లో చూడలేదా అన్నది ఉదాహరణ. ఈ కొండ మీద ఉన్నదీ అటువంటి పొగే అన్నది ఉపనయం. కాబట్టి నిప్పు ఉంది అన్నది నిగమనం. మన విద్యార్థులు వంటయింటి దాకా వచ్చి ఆగిపోతారు. తిరిగి కొండ దగ్గరకు రారు. ఉదాహరణ తరువాత ‘దిస్ షోస్ దట్’ అనో, మరో విధంగానో ఒక వాక్యం రాసి, ఆ ఉదాహరణ మొదట చేసిన వాదనకు ఎలా అన్వయిస్తుందో చెప్పాలి. ఆ ఒక్క ఉపనయ వాక్యం చేర్చగానే బలహీనమైన పేరా నిలదొక్కుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఏదో విశ్వవిద్యాలయం చేసిన సర్వేలో 85 శాతం మంది ఫలానా అన్నారని అప్పటికప్పుడు కల్పించి రాయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. దయచేసి అలా రాయకండి. మీ ఊరి పాఠశాల, మీ ఇంట్లో జరిగిన సంగతి, మీరు చూసిన బస్టాండు చాలు; నిజమైన దానికి ఉండే వివరం కల్పనకు రాదు.

ఈ మాట లేకుండా ఉదాహరణ ఇవ్వవచ్చునా?

తప్పకుండా ఇవ్వవచ్చు. మన దేశంలోని ఆంగ్ల రచనలో దీనికి చక్కని నమూనా చట్టాలలోనే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్లకు కింద ‘ఇలస్ట్రేషన్స్’ అనే శీర్షికతో చిన్న చిన్న సందర్భాలు చేర్చింది. అర్థం స్పష్టంగా లేని ఒప్పందం చెల్లదని 29 వ సెక్షన్ చెబుతుంది. దాని కింద, ‘ఏ’ అనే వ్యక్తి ‘బి’ అనే వ్యక్తికి వంద టన్నుల నూనె అమ్ముతానని ఒప్పుకున్నాడు, ఏ రకం నూనెనో తెలిపేది ఏమీ లేదు, కనుక ఆ ఒప్పందం చెల్లదు అని ఉంటుంది. ‘ఫర్ ఎగ్జాంపుల్’ అన్న మాట లేదు. సూత్రం పక్కనే సందర్భం నిలబడింది, చదివేవాడు రెండింటినీ తనంతట తానే కలుపుకుంటాడు. సంబంధం అంత స్పష్టంగా ఉన్నచోట కొక్కెం తీసివేయవచ్చు. సంబంధం వెంటనే తోచని చోట మాత్రం తీసివేయకూడదు.

తెలుగు రాసేటప్పుడు ‘ఉదాహరణకు’ తరువాత కామా పెట్టాలా? ‘ఫరెగ్జాంపుల్‌కి’ అనవచ్చునా?

మాటల్లో ‘ఫరెగ్జాంపుల్’ మన నాలుకకు పూర్తిగా అలవాటైపోయింది. ‘ఫర్’ లోనే ‘కు’ అర్థం ఉన్నా చాలామంది ‘ఫరెగ్జాంపుల్‌కి’ అని మరొక విభక్తి చేరుస్తారు. మాట్లాడుకునేటప్పుడు దాన్ని పట్టించుకోనక్కరలేదు. రాతలో మాత్రం ‘ఉదాహరణకు’ ఉండగా దాని అవసరం రాదు. కామా విషయంలో తెలుగుకు ఆంగ్లమంత కఠినమైన నియమం లేదు. వెనుక పొడవైన వాక్యం వస్తుంటే కామా పెడితే చదవడానికి ఆసరాగా ఉంటుంది, పొట్టి వాక్యమైతే వదిలేయవచ్చు. పైగా తెలుగులో ‘ఎలాగంటే’, ‘మాటవరసకు’, ‘ఫలానాదే తీసుకోండి’ వంటి పలుకుబడులు ఉన్నాయి. వీటిలో ‘మాటవరసకు’ ఊహించి చెప్పే సందర్భానికే నప్పుతుంది, జరిగిన సంగతిని ఉదాహరించేటప్పుడు నప్పదు.